మొదటి గది పిల్లలు

"ఇందులో ఉమ్మక్కా."

వెర్డెల్ మూత ఉన్న అట్టకప్పును అక్క ముందుకు జరిపింది. పక్కనే పళ్లెంలో మొక్కజొన్న సంకటి పొగలు కక్కుతోంది.

ఒతీలియా కప్పు వంక చూడలేదు. సంకటి మీద వెన్న కరిగేదాకా ఆగి, చెంచా అందుకుంది.

"తినే బల్ల మీద ఏమిటే ఇది? అమ్మ నేర్పిన మర్యాద ఇదేనా?"

"అమ్మ నాకేం నేర్పలేదు. నాకు నాలుగేళ్లప్పుడే పోయింది. నేర్పిందంతా నువ్వే."

"అయితే తప్పు నాదేలే." ఒతీలియా నవ్వబోయింది. నవ్వు సగంలో దగ్గయింది. చేతిగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. దగ్గు ఆగాక గుడ్డను రెండు మడతలు వేసి, గౌను చేతి మడతలోకి దోపుకుంది.

వెర్డెల్ చెయ్యి చాపింది. "అది ఇలా ఇవ్వు."

"దేనికి?"

"చూడ్డానికి."

"నేను ఉతికి ఆరేశాక చూద్దువుగాని."

శనివారం ఉదయం. అయినా వెర్డెల్ కౌంటీ నర్సు యూనిఫారం వేసుకునే కూర్చుంది. రాత్రంతా ఆలోచించి, ఈ మాటలు మామూలు బట్టల్లో తనవల్ల కావని తేల్చుకుంది. ఆ కౌంటీ మొత్తానికీ నల్లవాళ్లలో నర్సు ఆమె ఒక్కతే. ఆమెను నర్సింగు బడికి పంపించింది ఎదురుగా కూర్చున్న ఒతీలియాయే. పదమూడేళ్లు పెద్దది. పెళ్లి చేసుకోలేదు. నల్లపిల్లలు చదివే జయాన్ హిల్ బడిలో ఇరవై రెండేళ్లుగా మొదటి గదికి, అంటే అక్షరాలు దిద్దే పిల్లలకి, టీచరు.

"అక్కా, మంగళవారం ఎక్స్‌రే బండి బడికొస్తోంది. పిల్లలతోపాటు టీచర్లూ దాని ముందు నిలబడాలి. ఈసారి మేకన్ పిన్నిని చంపితే కుదరదు."

ఒతీలియా చెంచా ఆగింది.

"ఆ పిన్ని నిక్షేపంగా ఉంది. మొన్న ఉత్తరం కూడా రాసింది, ముల్లంగి బాగా కాసిందట. బళ్లో క్షయ సూది పరీక్ష ఉందని తెలిసిన రోజునే నువ్వు ఆవిడ అంత్యక్రియలకి వెళ్లావు."

"కప్పుతో మొదలుపెట్టి కోర్టుదాకా వచ్చావే నువ్వు."

"మొదటి గదిలో ఇరవయ్యారుమంది పిల్లలు. పంతొమ్మిదిమందికి సూది పడినచోట చెయ్యి ఎర్రగా పొంగింది. రెండో గదిలో నలుగురికి. మూడో గదిలో ఇద్దరికి. క్షయకి గదులు తెలుస్తాయా అక్కా? అందరూ ఒకే బావి నీళ్లు తాగుతున్నారు. మరి ఆ ఒక్క గదిలోనే ఎందుకుంది?"

వెనక గదిలోంచి క్లియోఫస్ వచ్చాడు. వెర్డెల్ భర్త, బడికి హెడ్మాస్టరు. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప మీద సబ్బు నురగ అలాగే ఉంది.

"తలుపులు తీసి పెట్టి ఇంత గట్టిగా మాట్లాడతావేం వెర్డీ? రోడ్డు మీద జనం తిరుగుతున్నారు."

"జనం వినాల్సిన సంగతే."

"ఎనిమిదేళ్లు ఆ తెల్లవాళ్ల స్కూలు బోర్డు ఆఫీసు మెట్లు ఎక్కి దిగాను నేను. టోపీ చేత్తో పట్టుకుని వరండాలో నిలబడ్డాను. ఇటుకల బడి కట్టిస్తామని ఇప్పటికి ఒప్పుకున్నారు. ఇది క్షయ బడి అని ఒక్కసారి పేరు పడిందనుకో, ఇటుకల మాట దేవుడెరుగు, ఉన్న మూడు గదులకీ తాళం వేసేస్తారు. వాళ్లకి కావలసిందీ అదే. అప్పుడు నీ పిల్లలందరూ ఎక్కడుంటారు? పత్తి చేలో."

"పత్తి చేలో ఉంటే బతికుంటారు కదా."

క్లియోఫస్ వెళ్లి వీధి తలుపు మూశాడు. సబ్బు నురగ చెంప మీద ఎండిపోతోంది.

తిరిగొచ్చి గొంతు తగ్గించాడు. "వదినా, మీరు క్రిస్మస్ సెలవులకి ఒంట్లో బాగాలేదని రాసిచ్చి మానెయ్యండి. ఉబ్బసం అందాం. గౌరవంగా పోతుంది."

"క్రిస్మస్‌కి ఇంకా ఐదు వారాలుంది," అంది వెర్డెల్.

"అప్పటిదాకా కిటికీలు తెరిచి ఉంచుతారు."

"క్లియో, నేను మూడు వారాలు నోరు మూసుకున్నాను. 'ఆ గది టీచరెవరు వెర్డెల్?' అని డాక్టరు అడిగాడు. ఎవరో పోతే ఊరెళ్లిందండీ, వచ్చాక చేయిస్తాను అన్నాను. మా అక్క అని చెప్పలేదు. ఆ మర్నాటి నుంచీ బడి జరుగుతూనే ఉంది. పిల్లలు ఈవిడ ఒళ్లో కూర్చుని అక్షరాలు దిద్దుతూనే ఉన్నారు. నిన్న ఆస్పత్రివాళ్లు చెప్పారు, లువీనియాకి క్షయ తలలోకి ఎక్కిందట."

ఒతీలియా తల ఎత్తింది. "ఎవరికి?"

"విన్నావుగా."

లువీనియాకి ఆరేళ్లు. మొదటి గదిలో ముందు బెంచీ. పది రోజుల కిందట జ్వరమని ఆస్పత్రిలో చేర్చారు.

సంకటి చల్లారి గడ్డకట్టింది.

"ఏటా ఆగస్టులో నాకు ఆరోగ్యంగా ఉన్నానని కాగితం ఇస్తారు," అంది ఒతీలియా, ఎవరితోనో చెబుతున్నట్టు. "నల్ల టీచర్లందర్నీ వెనక వరండాలో నిలబెట్టి, డాక్టరు పేరు పిలిచి సంతకం పెడతాడు. ఇరవై రెండు సంతకాలు. నా ఛాతీ మీద ఒక్కసారి గొట్టం పెట్టినవాడు లేడు. పెట్టి ఉంటే..."

"పెట్టి ఉంటే ఏం తెలిసేది?"

ఒతీలియా లేచింది. కప్పు తీసుకుని పెరటి వరండాలోకి వెళ్లింది. కిటికీలోంచి ఆమె వీపు కనిపిస్తోంది. ఎముకలు లెక్కపెట్టేలా ఉన్న ఆ వీపు వంగుతోంది, కుదుపుతోంది, మళ్లీ వంగుతోంది.

తిరిగొచ్చి మూతపెట్టిన కప్పును వెర్డెల్ చేతిలో పెట్టింది.

"సోమవారం పంపించుకో. నేను మాత్రం ఫలితం కోసం ఎదురుచూడక్కర్లేదు. నాకు తెలుసు."

ఎప్పటినుంచి, అని అడగాలి. నర్సుగా అది ఆమె అడగవలసిన మొదటి ప్రశ్న. వెర్డెల్ అది అడక్కుండా కప్పు మూత బిగించింది.

*

మధ్యాహ్నం రెండింటికి వీధి గుమ్మంలో చప్పుడైంది.

క్వీన్ ఎస్తర్. లువీనియా నాయనమ్మ. అరవై దాటిన మనిషి, రెండు మైళ్లు నడిచి వచ్చింది. నల్లటోపీ, చేతిలో అంజూర మురబ్బా సీసా.

ఒతీలియా జాలీ తలుపు దాకా వెళ్లింది. తెరవలేదు. లోపలి కొక్కెం తగిలించింది.

"అదేంటి టీచరమ్మా, తలుపేసుకుంటున్నారు? నేనేం అప్పు వసూలుకి వచ్చానా?"

"ఒంట్లో బాగాలేదు ఎస్తరమ్మా. జలుబు. మీకు అంటుకుంటుంది."

"ఈ వయసులో నన్ను దేవుడే మర్చిపోయాడు. జలుబుకేం గుర్తుంటాను!" నవ్వి, వరండా మెట్టు మీద కూలబడింది. "మురబ్బా తెచ్చాను. మీ లువీనియా చెట్టెక్కి కోసిన పళ్లే ఇవి. టీచరుకి ఒక సీసా అని అప్పుడే పక్కన పెట్టించింది."

ఒతీలియా జాలీ పట్టుకుని నిలబడింది. "ఎలా ఉంది?"

"ఆ నేలమాళిగ వార్డులో వెలుతురే ఉండదు, అయినా వెలుతురు పడట్లేదంటుంది. మెడ కొయ్యబారిపోయింది. కళ్లు తెరవదు. నిన్న ఒక్క మాటంది. 'మిస్ తీలియా నా పేరు పిలిచిందా?' అని. హాజరు వేస్తున్నారనుకుంది పిచ్చిది."

వంటగదిలో వెర్డెల్ గిన్నె తోముతున్నది ఆపేసింది.

"అందుకే వచ్చాను టీచరమ్మా. ఒక్కసారి వార్డుకి రండి. నేను పిలిస్తే పలకడం లేదు గానీ, మీ గొంతు వింటే కళ్లు తెరుస్తుంది. ఇంట్లో నా మాట ఏనాడు విన్నది కనక? మా టీచరు అలా చెప్పలేదు అనేది ప్రతిదానికీ."

"నేను... రాలేను ఎస్తరమ్మా."

"జలుబు తగ్గాకే రండి."

ముసలామె జాలీకి దగ్గరగా జరిగి గొంతు తగ్గించింది.

"ఇంకో మాట. నర్సమ్మ ఇంట్లో లేదు కదా? నేను నమ్మట్లేదు కానీ, రూఫస్ టార్వర్ ఇంటింటికీ తిరిగి చెప్తున్నాడు. ఆ సూదిలోనే ఉందట. తెల్లవాళ్లు పంపించారు, మీ చెల్లెలు పొడిచింది అంటున్నాడు. సూది పడిన పదో రోజుకే కదా నా పిల్ల పడిపోయింది. నాకు చదువు రాదు. మీరు చెప్తే నమ్ముతాను. సూదిలో ఉందా?"

"లేదు."

"ఖాయంగా?"

"ఖాయంగా లేదు. అది లోపలున్న రోగాన్ని చూపిస్తుందంతే."

"మరి నా పిల్ల లోపలికి ఎక్కణ్ణించి వచ్చింది? మా ఇంట్లో దగ్గేవాళ్లెవరూ లేరే."

జాలీ మీద ఒతీలియా వేళ్లు బిగుసుకున్నాయి. దగ్గు వస్తోంది. దాన్ని గొంతులోనే పట్టి ఆపింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఎస్తర్ ఆ కన్నీళ్లు వేరేగా అర్థం చేసుకుంది. "ఏడవకండి టీచరమ్మా. మీరు అంత ప్రేమగా చూశారు దాన్ని," అంటూ సీసాను గుమ్మంలో పెట్టి లేచింది. "రేపు చర్చి అయ్యాక అందరూ కూర్చుంటారట, ఎక్స్‌రే బండి సంగతి. మీరు రాకపోతే రూఫస్ నోటికి అడ్డుండదు."

ఆమె గేటు దాటాక ఒతీలియా తలుపు పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. వెర్డెల్ తడి చేతులతో వచ్చి నిలబడింది.

"బతుకుతుందా?"

"తలలోకి ఎక్కాక..."

"నేనడిగింది అది కాదు. బతుకుతుందా?"

"కొత్త మందొకటి వచ్చింది. డాక్టరు రాశాడు. నల్లవాళ్ల వార్డుకి ఇంకా రాలేదు." వెర్డెల్ ఆగింది. "వచ్చినా ఆలస్యమే అక్కా."

ఒతీలియా తల గోడకి ఆనించింది.

"అమ్మకీ ఇదే జబ్బు. వెనక కొట్టంలో పెట్టారు, నీకు గుర్తుండదు. అన్నం గుమ్మంలో పెట్టి కర్రతో లోపలికి తొయ్యమనేవాడు నాన్న. తొమ్మిది వారాలు తోశాను. ఒకరోజు అమ్మ అడిగింది, 'తీలియా, ఒక్కసారి లోపలికి రావే, జడ వేస్తాను' అని. వెళ్లలేదు. భయమేసింది. అది జరిగిన నాలుగు రోజులకి పోయింది."

"నువ్వు చిన్నపిల్లవి అప్పుడు."

"పదిహేడేళ్లు." చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్లో ముడుచుకుంది. "చావంటే భయం లేదు వెర్డీ. ఆ కర్రంటేనే. పొద్దున్నే గదిలోకి అడుగు పెడితే ఇరవయ్యారుమంది మీదకి దూకుతారు. ఒకడు నడుం పట్టుకుంటాడు, ఒకతి జడ లాగుతుంది. అది పోతుందనే ఎవరికీ చెప్పలేదు. ఇంకో వారం, ఇంకో వారం అనుకున్నాను."

వెర్డెల్ అక్క పక్కన కూర్చోబోయింది.

"దూరంగా కూర్చో," అంది ఒతీలియా. "ఇక నుంచి అందరూ దూరంగానే కూర్చోవాలి."

*

ఆదివారం పొద్దున క్లియోఫస్ వదినకీ కాదు, భార్యకీ కాదు, గోడకి చెప్పినట్టు చెప్పాడు. "వదిన ఇంట్లో ఉంటే మంచిది."

ఒతీలియా వాళ్లకన్నా ముందే బయల్దేరి వెళ్లింది. చర్చిలో ఆఖరి బెంచీ చివర, తెరిచి ఉన్న కిటికీ పక్కన కూర్చుంది. నవంబరు చలిగాలి నేరుగా మీదకి కొడుతున్నా కదల్లేదు.

ఆరాధన ముగిశాక పాస్టర్ గేథర్స్ అందర్నీ కూర్చోమన్నాడు. ఆయన మాట పూర్తి కాకముందే రూఫస్ టార్వర్ లేచాడు. రంపపు మిల్లులో పనిచేసే మనిషి. కొడుకు మొదటి గదిలో చదువుతున్నాడు.

"నేను ఒక్కటే అడుగుతాను. సూది వెయ్యకముందు మన పిల్లలు గెంతుతున్నారా లేదా?"

"గెంతుతున్నారు," అన్నారు నలుగురైదుగురు.

"వేశాక పంతొమ్మిదిమందికి చేతులు వాచాయి. ఒక పిల్ల మంచాన పడింది. ఇప్పుడు బండి తెస్తారట, పిల్లల గుండెల్లోకి వెలుతురు కొడతారట. తెల్లవాళ్లకి మన మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందో!"

వెర్డెల్ లేచింది. "రూఫస్, సూది రోగం ఇవ్వదు. లోపలున్నదాన్ని చూపిస్తుంది. ఎక్స్‌రే తీస్తేనే ఎవరికి ముదిరిందో తెలుస్తుంది. ఇప్పుడు తెలిస్తే..."

"నీకు పిల్లలుంటే తెలిసేది."

ముందు బెంచీల్లో తలలు అతని వైపు తిరిగాయి. ఆ మాట అన్నందుకు రూఫస్ కూడా కొంచెం తగ్గాడు. కానీ వెనక్కి తీసుకోలేదు.

"సరే, సూదిలో లేదన్నావు. మరి లోపలికెలా వచ్చింది? నర్సువి కదా, చెప్పు. ఎవరిచ్చారు?"

వెర్డెల్ భర్త వైపు చూసింది. క్లియోఫస్ ఒళ్లో ఉన్న పాటల పుస్తకం వైపు చూస్తున్నాడు. పేజీ తిప్పాడు. మళ్లీ తిప్పాడు.

ఆమె ఆఖరి బెంచీ వైపు తిరగబోయింది. అంతలోనే తల దించుకుంది.

"చూశారా! మంగళవారం మావాణ్ణి పంపను. పంపనివాళ్లు చేతులెత్తండి."

ఒక చెయ్యి లేచింది. తర్వాత పది. తర్వాత లెక్కలేనన్ని.

"చేతులు దించండి."

వెనకనుంచి వచ్చింది ఆ గొంతు. పెద్దగా అరిచింది కాదు. అయినా మీసాలొచ్చిన మగవాళ్లు కూడా చేతులు దించేశారు. అక్కడున్న వాళ్లలో సగంమంది ఆ గొంతు దగ్గరే అక్షరాలు నేర్చుకున్నారు.

"రూఫస్, కూర్చో."

రూఫస్ కూర్చున్నాడు.

ఒతీలియా బెంచీ పట్టుకుని నిలబడింది. క్లియోఫస్ ఒక్కసారిగా లేచి, "వదినా..." అన్నాడు. ఆమె వినిపించుకోలేదు.

"సూది కాదు. తెల్లవాళ్లు కాదు. నా చెల్లెలు కాదు. నేను. నాకు క్షయ ఉంది. నా గదిలోనే, నా నోట్లోంచే మీ పిల్లలకి వచ్చింది."

బెంచీలు కిర్రుమన్నాయి. ఆమె పక్కనున్న ఇల్లాలు లంగా అంచు దగ్గరకి లాక్కుని లేచింది. ముందు బెంచీలో కూర్చున్న తల్లి చంటిదాని ముక్కు మీద అరచెయ్యి కప్పింది. చూస్తుండగానే చర్చి వెనక భాగమంతా ఖాళీ అయింది. కిటికీ పక్కన ఒతీలియా ఒక్కతే మిగిలింది.

రూఫస్ రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. "టీచర్... మీరు కాదు. మీరు కాదని చెప్పండి," అంటున్నాడు చిన్నపిల్లాడిలా.

అప్పుడు క్వీన్ ఎస్తర్ లేచింది. అందరూ గోడలవైపు సర్దుకుంటుంటే ఆమె ఒక్కతే నడవ మధ్యలోంచి వెనక్కి నడిచింది. ఒతీలియాకి మూడడుగుల దూరంలో ఆగింది.

"ఎప్పటినుంచి తెలుసు?"

"ఈస్టర్ ముందు నుంచి. రక్తం పడింది."

ఎస్తర్ పెదవులు కదిలాయి. నెలలు లెక్కపెట్టుకుంటోంది.

"ఈస్టర్‌కి నా పిల్ల బళ్లోనే లేదు. సెప్టెంబర్‌లో నేనే తీసుకొచ్చాను. కొత్త గౌను తొడిగి, నా చేతులతో నేనే నీ ఒళ్లో కూర్చోబెట్టాను."

"అవును," అంది ఒతీలియా.

ముసలామె మెల్లగా తల తిప్పింది. "నర్సమ్మా, నీకెప్పటినుంచి తెలుసు?"

"మూడు వారాలు." వెర్డెల్ గొంతు ఆమెకే వినపడలేదు. మళ్లీ చెప్పింది. "మూడు వారాలైంది."

"నిన్న మీ మెట్ల మీద కూర్చున్నాను నేను. లోపల గిన్నె చప్పుడైంది. ఇద్దరూ లోపలే ఉన్నారన్నమాట."

క్లియోఫస్ ఏదో అనబోయాడు. ఎస్తర్ అతని వైపు కూడా చూడలేదు. జనం వైపు తిరిగి గట్టిగా అంది. "మంగళవారం నా మిగిలిన మనవలిద్దర్నీ ఆ బండి ముందు నేనే నిలబెడతాను. మీ పిల్లలు, మీ ఇష్టం."

మళ్లీ ఒతీలియాకి ఎదురుగా తిరిగింది. ఇన్నేళ్లలో టీచరమ్మా అని తప్ప పిలవని మనిషి.

"మూడింటికి నన్ను వార్డులోకి రానిస్తారు. అది కళ్లు తెరిస్తే నీ గురించే అడుగుతుంది. ఏం చెప్పమంటావు తీలియా?"

కిటికీలోంచి గాలి వీస్తూనే ఉంది. బయట ఎవరివో పిల్లలు పరుగులు తీస్తూ అరుస్తున్నారు. క్వీన్ ఎస్తర్ జవాబు కోసం అక్కడే నిలబడి ఉంది.